ఆయిల్ వేడెక్కేదాకా

“మూడు వేల రెండు వందల నలభై కిలోమీటర్లు,” అన్నాడాయన. ఆ ఉదయం ఆ అంకె చెప్పడం అది మూడోసారి. “పది వేలలో మూడో వంతు కూడా తిరగలేదు. సింథటిక్ ఆయిల్ అది. పది వేల దాకా ఢోకా లేదని డబ్బా మీదే రాసుంది.”

“కిలోమీటర్లు సరే. పోసి రెండేళ్ల రెండు నెలలైంది కదండీ,” అంది ఆమె.

“నెలలకీ ఆయిల్‌కీ ఏం సంబంధం? అదేమన్నా పాలా, విరిగిపోవడానికి?”

“కారుతో ఇచ్చిన పుస్తకంలో పది వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంది.”

“ఆ ‘లేదా’ ఉంది చూశావూ, అది కంపెనీవాడి తెలివి. కదలని కారుకి కూడా ఆయిల్ అమ్మాలిగా.”

ఇంటి ముందు కారు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆయన బానెట్ మీదికి వంగి ఉన్నాడు. ఆమె పాత బనియన్ గుడ్డ పట్టుకుని పక్కన నిలబడింది. అరుగు మీద కుర్చీలో అత్తగారు మోకాలికి వేడినీళ్ల సంచి పెట్టుకుని, పేపరు చదువుతున్నట్టు పట్టుకుని, ఇద్దరి మాటలూ వింటున్నారు. ఈ తగువు ఇవాళ పుట్టింది కాదు. ఏడాది కిందట మొదలై, వారం వారం అక్కడక్కడే తిరుగుతోంది. ఒక రకంగా కారుకన్నా అదే ఎక్కువ తిరిగింది.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. వారమంతా దుకాణాల వెంట తిరిగి త్రాసులు సరి చూస్తాడు, లీటరు కొలతల్లో నీళ్లు పోసి గీత దాకా వస్తున్నాయో లేదో వంగి చూస్తాడు. ఇత్తడి తూకపురాళ్లను ముఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో పెట్టుకుంటాడు, వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోడు. మనుషుల మాట నమ్మడానికి ఆయనకు కాస్త టైం పడుతుంది గాని, గీత మాట వెంటనే నమ్ముతాడు. కారు నడపడం ఆయనకు పెద్దగా ఇష్టముండదు, ఆఫీసు జీపు ఇంటి ముందుకే వస్తుంది. కానీ ఆదివారం ఎనిమిది గంటలకు బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే ఆ సన్నటి ఉక్కు పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీసి చూడకపోతే ఆయనకు ఆదివారం వచ్చినట్టుండదు.

ఇప్పుడూ అదే చేశాడు. పుల్లను వెలుతురులోకి అడ్డంగా పట్టుకున్నాడు.

“ఇదిగో, కింద ఒక గీత, పైన ఒక గీత. ఈ రెండింటి మధ్య ఉండాలి. రెండేళ్లలో చుక్క తగ్గలేదు. తగ్గడం మాట అటుంచు, పై గీత దాటి గింజంత పైకే ఉంది. ఇంతకన్నా రుజువేం కావాలి?”

అరుగు మీంచి పేపరు కిందికి దిగింది.

“పెరిగిందంట్రా?”

“కొంచెం పెరిగిందమ్మా.”

“ఎవరూ పొయ్యకుండా పెరిగేవి గోళ్లూ వెంట్రుకలే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయిల్ కూడానా?”

“సింథటిక్ అమ్మా. దాని సంగతి వేరు.”

“ఏమో నాయనా. నువ్వు ఆయిల్ చూస్తావు, అది పుస్తకం చూస్తుంది. తెలిసినవాడి దగ్గరికి ఇద్దరూ కలిసెళ్లి అడగండి. వారం వారం ఈ గోల వినలేక నా మోకాలికి తోడు చెవి కూడా నొప్పెడుతోంది.”

*

కారు నడిపేది ఆమె. పొద్దున్న ఏడున్నరకు కూతుర్ని కాలేజీ బస్సు ఎక్కించడానికి ఒకటిన్నర కిలోమీటర్లు. సోమ, బుధ, శుక్రవారాలు అత్తగారిని మోకాలి వ్యాయామానికి తీసుకెళ్లడానికి రెండు కిలోమీటర్లు. మధ్యలో కూరలకీ, మందులకీ, ఆయన కళ్లజోడు మర్చిపోతే ఆఫీసుకీ. తాళం తిప్పిన ఐదు నిమిషాలకు మళ్లీ తాళం తిప్పడమే. ఎప్పుడు చూసినా ఆ కారు ఇంకా లేవని మనిషిలా చల్లగా, బరువుగా ఉండేది.

అంతకు ముందు ఆమెకు వేరే పని ఉండేది. పదకొండేళ్లు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. బల్ల మీద నూటయాభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పైన కాగితం నమూనా పెట్టి, కత్తి మిషన్ నడిపేది. చెయ్యి నూలుపోగంత పక్కకి జరిగితే నూటయాభై చొక్కాల మెడలు పాడయ్యేవి. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది మానేసింది. ఆర్నెల్లకని మానేసింది. ఇప్పటికి తొమ్మిదేళ్లు.

రెండు వారాల కిందట ఉత్తరం వచ్చింది. ఒక శిక్షణ కేంద్రం వాళ్లది. ఆడపిల్లలకు కటింగ్ నేర్పడానికి మంగళ, గురువారాలు రాగలరా, నెలాఖరులోగా చెప్పండి అని. కేంద్రం ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరం. పాఠాల వేళకు అందే బస్సు లేదు.

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. మంచిదే అన్నాడు. కాసేపాగి, “పోనూ రానూ డెబ్బై ఆరు. కారు అరిగిపోతుందే,” అన్నాడు. ఇంకాసేపాగి, “చూద్దాం,” అన్నాడు.

ఆ ఇంట్లో ‘వద్దు’ అనే మాట ఎవరూ వాడరు. ‘చూద్దాం’ అంటారు. వద్దు అంటే ఎదురు చెప్పొచ్చు. చూద్దాం అన్నదానికి ఎదురు చెప్పడం ఎవరి తరం? ఉత్తరం కుట్టు మిషన్ సొరుగులో, పెద్ద కత్తెర కిందికి చేరింది.

*

మెకానిక్ షెడ్డు వ్యాయామం చేయించే క్లినిక్కు వెనక సందులో ఉంది. ఆ మెకానిక్‌ని అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస నడుస్తున్న ఇంజిన్‌కు ఆనించి, రెండో కొస చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటాడు. గట్టిగా మాట్లాడితే మాత్రం వినపడదు.

వాళ్లు వెళ్లేసరికి చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన మొదలుపెట్టాడు, మూడు వేల రెండు వందల నలభై అని. మేస్త్రి తలూపి, ముందు ఇంజిన్ పైన ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. మూత లోపలివైపు చూపించాడు. కాఫీ మీద నురగలా, లేత గోధుమరంగులో జిగటగా ఏదో అంటుకుని ఉంది.

“ఇదేంటి సార్?”

“ఆయిలే కదా.”

“ఆయిలూ నీళ్లూ.” తర్వాత పుల్ల లాగాడు. చూసింది గీతను కాదు. ఒక చుక్క వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. “వాసన చూడండి.”

ఆయన చూశాడు. మేస్త్రి పుల్లను ఆమె వైపు జరిపాడు. పెట్రోలు వాసన.

“పైన ఎవరన్నా పోశారా అమ్మా?”

“లేదండి.”

“మరి పై గీత దాటింది. ఎట్లా దాటింది?” అని, తనే చెప్పాడు. “చల్లటి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అందులో కొంత కాలకుండా కిందికి జారి ఆయిల్లో పడుతుంది. ఆవిరి నీళ్లవుతుంది, అదీ ఆయిల్లోనే పడుతుంది. బండి అరగంట ఆగకుండా పరిగెడితే ఆయిల్ బాగా వేడెక్కి, ఇవన్నీ ఎగిరిపోతాయి. మీ బండి రెండు కిలోమీటర్లకే ఆగిపోతోంది. పడింది పడినట్టే ఉండిపోతోంది. అందుకే పెరిగింది. పెరిగింది ఆయిల్ కాదు సార్.”

ఆయన జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

“మట్టం నేను ప్రతి ఆదివారం చూస్తాను,” అన్నాడు.

“మట్టం సరిగ్గానే చూశారు. అందులో ఏముందో చూళ్లేదు. మీకు నేను చెప్పాలా? పాలల్లో నీళ్లు కలిపినా లీటరు లీటరే కదా మీ కొలతకి.”

“కల్తీ మా శాఖ కాదు,” అన్నాడాయన, చిన్నగా.

ఆమె నవ్వు ఆపుకోవడానికి చేతిలోని గుడ్డను మడతపెట్టింది, మళ్లీ విప్పింది.

“సింథటిక్ కదా, పది వేలు అన్నారు కదా అని...” ఆయన ఇంకా వదల్లేదు.

“అన్నది అబద్ధం కాదు సార్. మంచి సరుకే. రోజూ హైవే మీద పరిగెత్తే బండికి పది వేలూ ఆగుతుంది, ఏడాదీ ఆగుతుంది. ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. ఏడాది దాటాక తిరగని బండి అయినా మార్చాల్సిందే. మీ పుస్తకంలోనే వెనకాల ఇంకో పేజీ ఉంటుంది, కఠినమైన వాడకం అని. దానికి సగమే లెక్క.”

“అది చదివాను. కొండలు, ఎడారులు, బరువులు లాగడం... మేం ఏ ఎడారిలో తిరుగుతున్నాం?”

“దానికింద ఇంకో వరస ఉంటుంది. ‘తరచూ దగ్గరి ప్రయాణాలు’ అని. బండికి అదే ఎడారి.”

పాత ఆయిల్ దించారు. పల్చగా, నల్లగా, నీళ్లలా జారింది. ఫిల్టరు మార్చి కొత్తది పోశాడు మేస్త్రి. పై గీతకు వెంట్రుకవాసి కింద ఆపాడు. చెవికి స్క్రూడ్రైవర్ పెట్టుకుని కాసేపు విన్నాడు.

“ఇప్పటికి ఏం కాలేదు. ఇట్లాగే తిప్పేటట్టయితే ఆర్నెల్లకోసారి మార్చండి. లేదంటే దీన్ని కాస్త దూరం పోనివ్వండి. బండి తిరిగి అరగడం నేను చూశాను. తిరక్క పాడవడం ఇంకా ఎక్కువ చూశాను.”

ఆమె ఆయన వైపు చూడలేదు. ఆయనా ఆమె వైపు చూడలేదు. ముప్పై ఎనిమిది అనే అంకె ఇద్దరి మధ్యా సీటు మీద కూర్చుని ఇంటిదాకా వచ్చింది.

*

వారం గడిచింది. ‘కారు అరిగిపోతుంది’ అన్న మాట ఇంక ఎవరూ అనడానికి లేదు. ఆమెకు సంతోషంగా ఉండాలి. మంగళవారం మధ్యాహ్నం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు సొరుగు లాగి ఉత్తరం పైకి తీసింది. చదివింది, ఆ సంతోషం మాత్రం రాలేదు. ఈ మూడు వారాలూ ఆయన మాట మీద లోలోపల కోపంగా ఉన్నాననుకుంది. కోపం ఉన్న మాట నిజమే. కానీ ఆ మాట చాటున తను కాస్త నిశ్చింతగా కూడా ఉందని ఇప్పుడు తెలిసింది. కారు వంక పోయింది. వెంటనే మనసు ఇంకో వంక కోసం ఇల్లంతా వెతుకుతోంది. అత్తగారి మాత్రలు. కూతురి పరీక్షలు. తొమ్మిదేళ్లలో కొత్త మిషన్లు వచ్చి ఉంటాయి. పిల్లలు నవ్వుతారేమో.

పెద్ద కత్తెర తీసింది. పిడి చల్లగా ఉంది. పాత పేపర్లు నేల మీద పరిచి, పెన్సిలుతో చొక్కా చెయ్యి నమూనా గీసింది. భుజం దగ్గర వచ్చే ఆ వంపు చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తుంది గాని, ముందువైపు ఒకలా, వెనకవైపు ఒకలా పోవాలి. మొదటిది రెండు వైపులా ఒకేలా వచ్చింది. అలాంటి చొక్కా తొడుక్కున్నవాడు చెయ్యెత్తి బస్సు ఆపలేడు. నలిపి పారేసింది. రెండోది వంకరపోయింది, మూడోదీ అంతే. నాలుగోది కత్తిరిస్తుంటే కత్తెర మధ్యలో ఆగలేదు. చెయ్యి తనకన్నా ముందే మలుపు తిరిగింది.

అత్తగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆ కాగితాల కుప్ప చూశారు.

“ఎవరికమ్మాయ్ చొక్కా?”

“ఎవరికీ కాదత్తయ్యా. ఊరికే.”

“ఊరికేనా?” ఆవిడ కర్రతో నాలుగో కాగితాన్ని కాస్త పక్కకి జరిపారు. “ఇది బాగొచ్చింది. అవి నాలిక మీద ఆగిపోయిన మాటల్లా ఉన్నాయి, ఇది చేతి మీదికి వచ్చేసింది.”

ఆ మాటకు అర్థం ఏమిటో ఆవిడకైనా తెలుసో లేదో. ఆమె మాత్రం నాలుగో కాగితం మడిచి ఉత్తరంతో పాటు పెట్టుకుంది.

*

ఆదివారం ఎనిమిదింటికి ఆయన బానెట్ ఎత్తలేదు.

“అందరూ తయారవ్వండి. ఆయిల్ వేడి చెయ్యాలి,” అన్నాడు.

అలా నలుగురూ ఎక్కడికీ కాని ప్రయాణానికి బయల్దేరారు. ఆమె నడుపుతోంది. పక్కన ఆయన ఒళ్లో పుస్తకం, చేతికి గడియారం. వెనక అత్తగారు కాలు చాపుకోవడానికి దిండు, దిండు పక్కన మిగిలిన చోటులో కూతురు. నియమాలు ఆయన చెప్పాడు. అరగంట దాకా ఎక్కడా ఆపకూడదు, ఇంజిన్ కట్టెయ్యకూడదు.

“ఎక్కడికెళ్తున్నావని మా ఫ్రెండు అడుగుతోంది నాన్నా. ఏం చెప్పను?” అంది కూతురు ఫోన్ చూస్తూ.

“ఆయిల్ వేడి చెయ్యడానికని చెప్పు.”

“అట్లా చెప్తే రేపట్నుంచి నా పక్కన కూర్చోదు.”

“నాకు మంచినీళ్లు కావాలంటే?” అన్నారు అత్తగారు.

“సీసా ఉందమ్మా.”

“అది తాగాక ఇంకోటి కావాలంటే?”

“అమ్మా, అరగంటే.”

ఊరి ఇళ్లు పల్చబడ్డాయి. గోడౌన్లు, ఇటుకల బట్టీ, తర్వాత రెండువైపులా ఖాళీ నేల. మీటరు మీద వేడి చూపించే సూది మధ్యకు వచ్చింది. ఆయన సంతోషించాడు.

“అది నీళ్ల వేడండీ. ఆయిల్ ఇంకా నిదానమని మేస్త్రి చెప్పాడు,” అంది ఆమె. ఆయన మళ్లీ గడియారం చూసుకున్నాడు.

ఇరవై నిమిషాలు దాటాక ఆమెకు తేడా తెలిసింది. ఇంజిన్ చప్పుడు మారింది. గుర్రుమనడం పోయి, నాలుగో కాగితం దగ్గర కత్తెర చేసినట్టు, సన్నగా ఒకే తీగలా సాగింది. గేరు వెన్నలా పడింది. ఈ కారు ఇలా నడుస్తుందని ఆమెకు ఐదేళ్లలో తెలియదు. వెనక అత్తగారు కిటికీ దించుకుని, గాలికి కళ్లు మూసుకుని, మంచినీళ్ల మాట మర్చిపోయారు. కూతురు ఫోను పక్కన పెట్టేసింది.

“ఇంక చాలు, బాగా వేడెక్కుంటుంది,” అన్నాడాయన నలభై నిమిషాలకు. “అదుగో, ఆ నీళ్ల ట్యాంకు దగ్గర వెనక్కి తిప్పు.”

ఆమె ట్యాంకు దగ్గరికి వచ్చింది. తిప్పలేదు. ట్యాంకుకు ఎదురుగా ఎర్ర ఇటుకల షెడ్డు, ఇనుప గేటు. ఆదివారం కావడంతో గేటుకు తాళం ఉంది. కిటికీలోంచి లోపల పొడుగాటి బల్ల, దాని మీద తెల్లగుడ్డ కప్పిన మిషన్లు కనిపిస్తున్నాయి. బల్ల తను పనిచేసిన ఎత్తులోనే ఉంది. గేటు పక్కన కారు ఆపింది. ఇంజిన్ కట్టెయ్యలేదు.

“ఎందుకాపావు?” అంటూ ఆయన మీటరు వైపు వంగాడు. బయల్దేరేటప్పుడు సున్నా చేసిన అంకె ఇప్పుడు ముప్పై ఎనిమిది. ఆయన దాన్ని చూశాడు, గేటు మీది శిక్షణ కేంద్రం బోర్డు చూశాడు. మళ్లీ అంకె చూశాడు. కొలత తప్పదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? పెదవులు కదిలాయి. గుణకారం చేసుకుంటున్నాడని ఆమెకు తెలుసు.

“వారానికి నూటయాభై రెండు,” అన్నాడు చివరికి. “మన దగ్గరి తిరుగుళ్లు కూడా కలిపితే ఏడాదికి తొమ్మిది వేల నాలుగు వందలు.”

“పది వేల లోపేగా?” అన్నారు వెనక నుంచి అత్తగారు. “అయితే ఏడాదే ముందొస్తుంది.”

ఈసారి ఆయన చూద్దాం అనలేదు.

ఆమె రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచింది. ఇంజిన్ సన్నటి వణుకు అరచేతుల్లోకి వెచ్చగా వస్తోంది. భయం ఇంకా పోలేదు. అది నెమ్మదించేదాకా ఆగితే ఇంకో తొమ్మిదేళ్లు పట్టొచ్చనిపించింది. గొంతు పెంచలేదు, ఎవరివైపూ తిరగలేదు. రేపు కూరేం చెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

“వచ్చే నెల మొదటి మంగళవారం నుంచి నేను ఇక్కడికి వస్తున్నాను, పాఠం చెప్పడానికి. మంగళ, గురువారాలు. జవాబు రాసేశాను, రేపు పోస్టు చేస్తాను. ఆ రెండ్రోజులూ బస్సుకి నువ్వు నడిచి వెళ్లాలమ్మా. అత్తయ్యా, మధ్యాహ్నం మాత్రలు పొద్దున్నే చిన్న గిన్నెలో తీసి పెడతాను. ఏమండీ, కళ్లజోడు మర్చిపోకండి. ఆయిల్ మార్చిన తేదీ బానెట్ లోపల రాశాను. మళ్లీ ఏడాదికి మారుద్దాం.”